మీసాలు రాలిన చిట్టి

మా పిల్లి చిట్టికి పేగుల లింఫోమా. ఇందులో రెండు రకాలు. పెద్ద కణాలదైతే చికిత్స చేసినా చాలావరకు నెలల లెక్కే. చిన్న కణాలదైతే ప్రెడ్నిసొలోన్, క్లోరాంబ్యూసిల్ మాత్రలతో చాలా పిల్లులు రెండేళ్లు, ఆపైన కూడా తిరుగుతాయి. మాది రెండోది. క్యాన్సర్లో కూడా అదృష్టం వెతుక్కుంటాం, మనిషి బుద్ధి అలాంటిది.

కీమో అనగానే ఆస్పత్రి మంచాలే గుర్తొచ్చాయి. తీరా చూస్తే ఇంట్లో వేసే చిన్న మాత్ర. దాన్ని విరగ్గొట్టకూడదు, చేతొడుగు లేకుండా ముట్టుకోకూడదు. పిల్లులకు ఇచ్చే మోతాదు రోగాన్ని వేళ్లతో పెకలించడానికి కాదు, ఉన్నన్నాళ్లూ సుఖంగా ఉంచడానికి. బొచ్చు పెద్దగా రాలదు గానీ మీసాలు రాలొచ్చు. చిట్టికి ఎడమవైపు రెండే మిగిలాయి. దాని దర్జా మాత్రం తగ్గలేదు. చేపముక్కలో మాత్ర దాచిపెడితే చేప తినేసి మాత్రను నా ముందే ఉమ్మేస్తుంది.

నొప్పి మాత్రం బయటపెట్టదు. ఒళ్లు నాక్కోవడం మానేసినా, రోజూ ఎక్కే అలమర ఎక్కకపోయినా అదే దాని మూలుగు. అలాగని జాలిపడి మన పారాసెటమాల్ వేయకూడదు, ఒక్క మాత్రే ప్రాణం తీయగలదు.

"పిల్లికి ఇంత ఖర్చా?" అంటుంది పక్కింటి పిన్నిగారు. ఆవిడ మీద నాకు కోపం లేదు. డబ్బు చాలక, బాధ తగ్గించే మందుతోనే సరిపెట్టుకున్నవాళ్ల ప్రేమ నాకన్నా తక్కువని మాత్రం నేననను.