నేరమూ, నిందా

మేము వసతిగృహంలో ఉండి బి.ఏ. చదివిన రోజులలో భోజనశాలలో ఉర్దూ మాధ్యమం వారిదొక వరుస, తెలుగు మాధ్యమం వారిదొక వరుస. ఎవరూ ఆజ్ఞాపించినది కాదు, అలవాటుగా స్థిరపడింది. ఒకనాడు మాలో ఒకరి చేతిగడియారం పోయింది. ఆ రాత్రి వరుసల భేదం మరచి అందరమూ ఒక్కచోట చేరాము. దొంగపై ఆగ్రహం మమ్మల్ని ఏకం చేసింది.

నేరం లేని సమాజం ఉండదనీ, నేరంపై కలిగే ఆగ్రహం సమాజ సభ్యులను మరింత సన్నిహితం చేస్తుందనీ ఫ్రెంచి సమాజశాస్త్రవేత్త ఎమిలీ దుర్ఖైమ్ 1893, 1895 సంవత్సరాలలో వెలువరించిన గ్రంథాలలో వివరించాడు. తరగతిలో చదివిన ఆ సిద్ధాంతం కళ్లెదుట నిజమైనందుకు మేము సంతోషించాము కూడా.

మా అనుమానం ఒక సహాధ్యాయిపై వాలింది. సాక్ష్యమేమీ లేదు. అతడు ఎరుకల కుటుంబంలో పుట్టినవాడు. అతని తాతగారిది స్టూవర్టుపురం. మాకు అంతే చాలింది. మూడవనాడు గడియారం దాని యజమాని పరుపు మడతలోనే దొరికింది. మాలో ఒక్కరమూ అతనిని క్షమాపణ కోరలేదు. నాటినుండి అతడు అందరూ లేచిన తరువాతనే భోజనానికి వచ్చేవాడు.

ఆ నింద మేము కల్పించినది కాదు. మాకు వారసత్వంగా వచ్చినది. ఎరుకలవారిలో అనేకులు పూర్వం పశువులపై ఉప్పు, ధాన్యం మోసి ఊరూరా అమ్మి జీవించేవారు. రైళ్లు వచ్చి ఆ బేరాన్ని దెబ్బతీశాయి. 1871లో ఆంగ్ల ప్రభుత్వం చేసిన నేరస్థ జాతుల చట్టం, 1911 నాటి సవరణతో మద్రాసు రాజధానికీ విస్తరించింది. పుట్టుకే నేరానికి సాక్ష్యమైంది. స్టూవర్టుపురం అటువంటి వారికోసం ఏర్పరచిన నివాసాలలో ఒకటి. ఆశయాలు అందరికీ చూపి, వాటిని చేరే న్యాయమార్గాలు కొందరికి మూసివేసిన చోట నేరం పుడుతుందని రాబర్ట్ మెర్టన్ 1938లో వ్రాశాడు. ఇక్కడ మార్గం మూసినవారే నేరస్థులన్న ముద్ర కూడా వేశారు. 1952లో ఆ చట్టం రద్దయింది. ముద్ర మాత్రం మా భోజనశాల వరకూ వచ్చింది.

సోదర విద్యార్థులారా! ఆ రాత్రి మా మధ్య ఐక్యత కలిగిన మాట వాస్తవం. కాని అక్కడ దొంగతనమే జరగలేదు. ఐక్యతకు నేరం అక్కరలేదు, నింద మోసేవాడొకడుంటే చాలునని మేము నేర్చుకున్నాము. ఆ పాఠానికి మూల్యం చెల్లించినది మేము కాదు.