తేదీ చెప్పని వసంతం

మార్చి నెలాఖరు. మన ఊళ్లలో మామిడి పిందెలు కాస్త లావెక్కుతాయి. వేపచెట్లు పూతకొస్తాయి. ఉగాది పచ్చడికి సరంజామా సిద్ధమవుతుంటుంది. ఎండలు ముదురుతాయా లేదా అన్న అనుమానం ఎవరికీ ఉండదు. ముదురుతాయంతే! సరిగ్గా అదే సమయంలో అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో మాత్రం జనం పొద్దున్నే లేచి ముందు వాతావరణ సూచన చూసుకుంటారు. ఇవాళ చొక్కా చాలా, కోటు కావాలా? ఆ తర్వాత అసలు ప్రశ్న... పూలు ఎప్పుడు పూస్తాయి?

పొటోమాక్ నది పక్కన టైడల్ బేసిన్ అనే జలాశయం ఉంది. దాని ఒడ్డంతా, పక్కనున్న పార్కుల్లోనూ కలిపి మూడున్నర వేలకు పైగా చెర్రీ చెట్లు. ఏడాదంతా మామూలు చెట్లే. వసంతంలో కొద్ది రోజులు మాత్రం ఆకు కనిపించకుండా తెల్లగా, లేత గులాబీ రంగులో పూస్తాయి. నీళ్లలో ఆ పూల నీడ, దాని మధ్యలో జెఫర్సన్ స్మారక మందిరం తెల్లటి గుమ్మటం... ఆ దృశ్యం కోసం ఏటా పది లక్షలకు పైగా జనం వస్తారు. న్యూజెర్సీ నుంచి కార్లలో వచ్చే తెలుగు కుటుంబాలు, డాలస్ నుంచి విమానాల్లో వచ్చేవాళ్లు, మనవల్ని చూడటానికి గుంటూరు నుంచో వరంగల్ నుంచో వెళ్లిన అమ్మానాన్నలు కూడా ఆ గుంపులో ఉంటారు. పట్టుచీర మీద స్వెట్టర్ వేసుకుని చెట్టు కింద ఫొటో దిగే అమ్మమ్మలు అక్కడ కొత్తేమీ కాదు.

చిక్కల్లా ఒక్కటే. విమానం టికెట్లు, హోటల్ గది రెండు నెలల ముందు తీసుకోవాలి. పూలు ఎప్పుడు పూస్తాయో పదిరోజుల ముందు గానీ తెలియదు!

పేరు నిలబెట్టిన విళంబి

ఆ చెట్లను చూసుకునేది నేషనల్ పార్క్ సర్వీస్. ఏటా వసంతం మొదట్లో అది ఒక అంచనా ప్రకటిస్తుంది. యోషినో రకం చెట్ల పూలలో 70 శాతం విచ్చుకున్న రోజును ‘పీక్ బ్లూమ్’ అంటారు. మొగ్గ ఆకుపచ్చగా ఉబ్బడం దగ్గర్నుంచి ఒక్కో దశనూ గమనిస్తూ లెక్కవేస్తారు. చివరి ముందు దశలో మొగ్గలు తెల్లగా, పేలాల్లా పొంగి ఉంటాయి. ‘ఇండికేటర్ ట్రీ’ అని ఒక చెట్టు కూడా ఉంది. మిగతావాటికంటే వారం పదిరోజులు ముందే పూసి కబురు చెబుతుంది. ఇన్ని ఆనవాళ్లున్నా లెక్క తప్పుతుంది. ఎందుకంటే మొగ్గ విచ్చుకునేది క్యాలెండర్ చూసి కాదు, వెచ్చదనం చూసి. ఆ వెచ్చదనమే మాట మీద నిలబడదు.

2018నే తీసుకోండి. ఫిబ్రవరి వెచ్చగా గడిచింది. మార్చి 17 నుంచి 20 మధ్య పూలు నిండుగా ఉంటాయని మొదట చెప్పారు. ఆ ఏడాది ఉగాది మార్చి 18. ఉగాదికి పూలు అనుకున్నవాళ్లు ఉండే ఉంటారు. తీరా మార్చి అంతా చలి. 21న ఏకంగా మంచే కురిసింది. తేదీని ముందుకు జరిపారు, మళ్లీ జరిపారు. చివరికి పూలు నిండుగా విచ్చింది ఏప్రిల్ 5న. ఆ ఉగాదితో మొదలైన తెలుగు సంవత్సరం పేరేమిటో తెలుసా? విళంబి! ఆలస్యం అనే అర్థాన్ని పూలు అక్షరాలా పాటించాయి.

అంతకు ముందు ఏడాది, అంటే 2017లో జరిగింది మాత్రం నవ్వుకునే సంగతి కాదు. అప్పుడూ ఫిబ్రవరి అసాధారణంగా వెచ్చగా ఉంది. చెట్లు నమ్మాయి. మొగ్గలు త్వరగా ఎదిగాయి. మార్చి 14-17 మధ్య పూలు నిండుతాయన్నారు. సరిగ్గా ఆ రాత్రుళ్లే గడ్డకట్టే చలి దిగింది. విచ్చబోయే దశలో ఉన్న మొగ్గలకు సున్నాకు మూడు డిగ్రీలు కిందకు దిగితే పదోవంతు నష్టం. నాలుగున్నర డిగ్రీలు దిగితే పదింట తొమ్మిది వంతులు పోయినట్టే. ఒకటిన్నర డిగ్రీల్లో అంత తేడా! యోషినో పూలలో దాదాపు సగం గోధుమరంగుకు మాడిపోయాయి. వెనకబడి ఉన్న మొగ్గలు బతికి, మార్చి 25న ఉన్నంతలో పూశాయి. పొగమంచుకు మామిడి పూత మాడిపోతే రైతు మొహం ఎలా ఉంటుందో మనకు తెలుసు. అలాంటి దిగులే ఆ వారం ఆ చెట్ల కింద తిరిగినవాళ్లదీ.

కొండకూ కడలికీ మధ్య

ఉపగ్రహాలున్నాయి, పెద్ద పెద్ద కంప్యూటర్లున్నాయి. రేపటి ఎండ చెప్పడం అంత కష్టమా? వాషింగ్టన్‌లో వసంతంలో నిజంగానే కష్టం. కారణం ఆ ఊరున్న చోటు. పడమట అపలాచియన్ కొండలు, తూర్పున కాస్త దూరంలో అట్లాంటిక్ సముద్రం. మన కోస్తాకు తూర్పు కనుమలు, బంగాళాఖాతం ఉన్నట్టే అనుకోవచ్చు. దక్షిణం నుంచి వెచ్చటి గాలి వస్తుంటే ‘రేపు 22 డిగ్రీలు’ అని సూచన వెలువడుతుంది. ఇంతలో ఉత్తరాన న్యూ ఇంగ్లండ్ వైపు నుంచి చల్లగాలి మెల్లగా దిగుతుంది. సముద్రపు నీరు ఆలస్యంగా వేడెక్కుతుంది కాబట్టి మార్చిలో ఇంకా చల్లగానే ఉంటుంది. దాని మీదుగా వచ్చిన గాలి మరింత చల్లబడుతుంది. చల్లగాలి బరువు. కొండ ఎక్కలేదు. కాలవలో నీళ్లలా కొండకూ సముద్రానికీ మధ్య నిలిచిపోతుంది. వెచ్చటి గాలి వచ్చినా దాని పైనుంచి జారిపోతుందే తప్ప నేలకు దిగదు. పైన వెచ్చదనం, కింద మబ్బు, సన్నటి జల్లు. 22 అన్న రోజు కాస్తా తొమ్మిది దగ్గర ఆగిపోతుంది. యాభై కిలోమీటర్లు దక్షిణంగా వెళ్తే అక్కడ జనం చొక్కాల్లో తిరుగుతుంటారు!

ఈ చల్లగాలి పొర పలచన. కంప్యూటర్ నమూనాలు తరచూ దాన్ని తక్కువగా అంచనా వేసి, త్వరగా వెళ్లిపోతుందని చెబుతాయి. అందుకే అక్కడ వసంతంలో ‘వెచ్చగా ఉంటుంది’ అన్న మాటను అనుభవమున్నవాళ్లు సగమే నమ్ముతారు. మూడు నాలుగు రోజుల సూచన ఫర్వాలేదు. వారం దాటితే అది మొగ్గు మాత్రమే. పదిరోజులు దాటితే పూల తేదీ చెప్పడం దాదాపు అసాధ్యమని పార్క్ సర్వీసే ఒప్పుకుంటుంది.

ఒక తప్పుడు సూచన... ఒక పూలతోట

చిత్రమేమిటంటే ఈ పూలతోట కథ మొదట్లోనే ఒక తప్పిన సూచన ఉంది. అప్పట్లో అధ్యక్షుల ప్రమాణ స్వీకారం మార్చి 4న జరిగేది. 1909లో విలియం టాఫ్ట్ వంతు. ఆ రోజు వాతావరణం నిర్మలంగా ఉంటుందని వెదర్ బ్యూరో అధిపతి విల్లిస్ మూర్ భరోసా ఇచ్చాడు. తెల్లారేసరికి పాతిక సెంటీమీటర్ల మంచు! ఆరు వేలమంది పనివాళ్లు, అయిదు వందల బండ్లు పెట్టి దారి తీయాల్సి వచ్చింది. ఆరుబయట జరగాల్సిన ప్రమాణం సెనేట్ సభా మందిరంలో కానిచ్చారు. టాఫ్ట్ భార్య హెలెన్ మాత్రం ఆ చలిలోనే భర్త పక్కన బండిలో కూర్చుని వైట్‌హౌస్ దాకా వెళ్లింది. అంతకు ముందు ఏ అధ్యక్షుడి భార్యా అలా వెళ్లలేదు.

నదీ తీరంలో జపాన్ చెర్రీలు నాటాలని ఎలిజా సిడ్‌మోర్ అనే రచయిత్రి రెండు దశాబ్దాలకు పైగా అధికారుల చుట్టూ తిరుగుతోంది. ఎవరూ పట్టించుకోలేదు. ఆ వసంతంలోనే ఆమె హెలెన్‌కు ఉత్తరం రాసింది. ఏప్రిల్‌లో సరేనంటూ జవాబు వచ్చింది. టోక్యో నగరం కానుకగా పంపిన రెండు వేల మొక్కలు 1910లో చేరాయి. చూస్తే పురుగు పట్టి ఉన్నాయి. మొత్తం తగలబెట్టక తప్పలేదు. టోక్యో మేయర్ యుకియో ఒజాకీ నొచ్చుకోకుండా మళ్లీ పంపించాడు. ఈసారి 3,020 మొక్కలు. 1912 మార్చి 27న హెలెన్, జపాన్ రాయబారి భార్య చిందా తొలి రెండు మొక్కలు నాటారు. ఆనాటి చెట్లు కొన్ని ఇప్పటికీ పూస్తున్నాయి.

రెండు కోట్లు... కాస్త ఓపిక

ఇన్నేళ్ల లెక్కల్లో అతి త్వరగా పూసింది 1990లో, మార్చి 15న. అతి ఆలస్యం 1958లో, ఏప్రిల్ 18న. అంటే నెలకు పైగా తేడా! ఎక్కువ ఏళ్లలో మార్చి చివరి వారానికీ ఏప్రిల్ మొదటి వారానికీ మధ్య పూస్తాయి. వందేళ్ల కిందటితో పోలిస్తే ఇప్పుడు సగటున దాదాపు వారం ముందే పూస్తున్నాయి. శీతాకాలం త్వరగా సడలిన కొద్దీ మొగ్గలు ముందే లేస్తాయి. ఆ తర్వాత చలి తిరిగొస్తే 2017 కథే మళ్లీ.

అందుకే వెళ్లేవాళ్లు ఒక్క రోజును నమ్ముకోకుండా, వీలైతే రద్దు చేసుకునే సదుపాయమున్న గది తీసుకోవడం మేలు. స్మిత్సోనియన్ మెట్రో స్టేషన్‌లో దిగి నడిచి వెళ్లొచ్చు. సూర్యోదయ వేళ గుంపు తక్కువ. గాలివాన లేకపోతే పూలు వారం దాకా నిలుస్తాయి. అవి రాలిపోయాక వచ్చినవాళ్లకూ నిరాశ అక్కర్లేదు. ఈస్ట్ పొటోమాక్ పార్కులో క్వాన్జాన్ రకం చెట్లు ముద్దబంతుల్లాంటి గులాబీ పూలతో సుమారు రెండు వారాల తర్వాత పూస్తాయి. ఇక బట్టల సంగతి... సూచన ఏం చెప్పినా కోటు చేతిలో ఉండాల్సిందే.

అప్పుడప్పుడూ అన్నీ కలిసొస్తాయి. 2023లో ఉగాది మార్చి 22న వచ్చింది. మర్నాడే పూలు నిండుగా విచ్చాయి. ఊరి నుంచి కూతురింటికి వచ్చిన అమ్మానాన్నలు పండగ రోజు ఇంట్లో పచ్చడి తిని, తెల్లారాక మెట్రో ఎక్కితే చాలు... చెట్లన్నీ పూసే ఉన్నాయి. ఆ కలయిక మళ్లీ ఎప్పుడో ఏ పంచాంగమూ చెప్పలేదు. చెప్పగలిగింది ఆ మొగ్గలే. అదీ పదిరోజుల ముందు!