మౌంట్ లవీనియా ఇంటి జమాఖర్చులు

గాల్కిస్స, శ్రీలంక

నాన్నగారికి,

కొలంబోకు దక్షిణాన పన్నెండు కిలోమీటర్ల దూరంలో, సముద్రంలోకి చొచ్చుకొచ్చిన రాతిగుట్ట మీద మౌంట్ లవీనియా హోటలుంది. సిలోను బ్రిటిష్ గవర్నరు సర్ థామస్ మైట్లాండ్ 1806 ప్రాంతంలో విడిది కోసం కట్టించుకున్న ఇల్లు ఇది. వచ్చినవాళ్లెవరికైనా ముందు వినిపించేది ఒక ప్రేమకథ. పోర్చుగీసు, సింహళ నెత్తురు కలిసిన లవీనియా అనే నాట్యకత్తె, పెళ్లికాని గవర్నరు, ఆమె ఇంటి దగ్గరి బావి నుంచి ఆయన మద్యం నిలవచేసే నేలమాళిగ దాకా తవ్వించిన రహస్య సొరంగం. కథ మనసుకు పడుతుంది. కానీ ఇంటి చరిత్ర అంతా అదేనని సరిపెట్టుకోవడం తప్పని నా గట్టి అభిప్రాయం. ఈ ఇల్లు ఎందుకు పెరిగిందో, ఎందుకు అమ్ముడుపోయిందో తెలియాలంటే ప్రభుత్వ ఖజానా వైపు చూడాలి. ఆ లెక్క వదిలేసి ప్రేమ ఒక్కటే చెప్పుకుంటే, ఖజానా నింపిన జనం కథలోంచి జారిపోతారు.

మైట్లాండ్ 1805లో వచ్చాడు. అంతకు రెండేళ్ల ముందే క్యాండీ రాజ్యం మీదికి వెళ్లిన బ్రిటిష్ సేన చావుదెబ్బ తిని ఉంది, ఖజానాలో డబ్బుకు కటకటగా ఉంది. ఆయన ఖర్చులు కోశాడు, మళ్లీ యుద్ధం జోలికి పోలేదు. పొదుపరిగానే పేరు తెచ్చుకున్నాడు. తనకు ముందు గవర్నరు ఫ్రెడరిక్ నార్త్ ఎత్తేయబోయిన పద్ధతిని, అంటే భూమి అనుభవించినందుకు సర్కారుకు చాకిరీ చేసే రాజకారియను, తిరిగి నిలబెట్టాడు. అప్పటి రాబడిలో పెద్ద భాగం దాల్చినచెక్క గుత్త వ్యాపారానిది. ఆ చెక్క ఒలిచే పని సలాగమ కులస్థులకు తప్పించుకోలేని చాకిరీ. జనం పనిని మళ్లీ కట్టుబాటులోకి తెచ్చిన ఏళ్లలోనే గవర్నరుకు సముద్రపు గాలి తగిలే ఇల్లు లేచింది. ఈ రెండూ ఒకే పాలనలోని పనులు కనుక వాటిని వేరువేరు పుటల్లో రాయకూడదంటాను.

ఇక ఎడ్వర్డ్ బార్న్స్. 1824 నుంచి 1831 దాకా గవర్నరుగా ఉన్న ఈయన చేతిలోనే ఆ ఇల్లు పెద్ద భవనమైంది. కొలంబో నుంచి క్యాండీకి కొండలు తొలిచి రోడ్డు వేయించిందీ ఈయనే. ఆ రోడ్డుకు కూలి లేదు, రాజకారియ పేరిట పిలిపించిన రైతులు వేశారు. చివరికి సిలోను రాబడి ఖర్చుకు చాలడం లేదని లండన్ ప్రభుత్వమే 1829లో కోల్‌బ్రూక్ అనే అధికారిని విచారణకు పంపింది. 1832లో రాజకారియ రద్దయింది, 1833లో దాల్చినచెక్క గుత్త కూడా పోయింది. 1842లో ప్రభుత్వం ఈ ఇంటిని అమ్మేసింది. నిర్బంధపు చాకిరీ మీదా గుత్త రాబడి మీదా నడిచిన రాజ్యంలో పెరిగిన భవనం, అవి రెండూ పోయిన దశాబ్దంలోపే సర్కారు చేయి దాటిపోయిందన్నమాట. ఆ తర్వాత 1877లో రైలు ఇక్కడిదాకా రావడంతో కొలంబో జనానికి ఈ తీరం అందుబాటులోకి వచ్చింది, హోటలు బతుకు మొదలైంది.

ప్రేమకథ వల్లే కదా యాత్రికులు వస్తారు, వాళ్ల డబ్బుతోనే కదా గోడలు నిలిచాయి అని మీరు అడగవచ్చు. నిజమే, కథను చెరిపేయమనడం లేదు. అంతకన్నా బలమైన అభ్యంతరం ఇంకొకటుంది. లవీనియా లేకపోతే ఈ ఇంటి చరిత్రలో ఈ నేల మీద పుట్టిన ఒక్క స్త్రీ పేరైనా మిగలదు కదా? దీన్ని తేలిగ్గా తీసిపారేయలేను. అయితే కథలో ఆమె గవర్నరు మనసుపడినంత మేరకే బతుకుతుంది. ఆమె మేళం ఎలా బతికిందో, గవర్నరు పిలిస్తే రానని చెప్పగలిగే వీలు ఆమెకు ఉందో లేదో కథకు పట్టదు. ఆమె మీద గౌరవమున్నవాళ్లు ముందుగా అడగాల్సింది ఆ ప్రశ్నే.

క్యాండీ

నాన్నగారికి,

బార్న్స్ రోడ్డు కొండెక్కి చేరేది ఈ ఊరికే. ఇక్కడి చివరి రాజు శ్రీవిక్రమ రాజసింహుడు మధుర నాయకుల బంధువర్గం వాడు, తెలుగు మూలాలున్న వంశం. 1815లో గవర్నరు బ్రౌన్‌రిగ్ కాలంలో ఆయన్ను పట్టుకుని, తర్వాత వేలూరు కోటకు పంపారు. 1832లో అక్కడే చనిపోయాడు. మనవాళ్లు కొందరు ఈ సంగతి ఎత్తి, రాజకారియ రాజుల కాలం నాటిదే, దానికి గవర్నర్లను తప్పుపట్టడమెందుకు అంటారు. రాజుల పాలనలోనూ అది బరువే, వంశం మనదని దాచనక్కర్లేదు. కానీ ఇక్కడ చాకిరీ భూమితో, ఊరితో, కులాచారంతో ముడిపడి ఉండేది. బ్రిటిష్‌వాళ్లు పాత కట్టుబాటు పేరు ఉంచుకుని, సేనలు నడవడానికి కావలసిన రోడ్డుకు ఆ మనుషులను తోలారు. అది అన్యాయమని, ఎత్తేయాలని చెప్పినవాడు వాళ్ల సొంత అధికారి కోల్‌బ్రూక్. కనుక ఇది ఇప్పటి విలువలతో అప్పటివాళ్లను నిలదీయడం కాదు.

1957 నాటి ‘ది బ్రిడ్జ్ ఆన్ ది రివర్ క్వాయ్’ సినిమాలో మౌంట్ లవీనియా ఇల్లు సైనిక ఆస్పత్రిగా కనిపిస్తుంది. సినిమాకు చోటిచ్చిన చరిత్రలో రోడ్డుకూ దాల్చినచెక్కకూ చోటివ్వడం కష్టం కాదు. 1832 నాటి రాజకారియ రద్దునూ 1842 నాటి అమ్మకాన్నీ లవీనియా కథ పక్కనే వచ్చినవాళ్లకు చెబితే చాలు. ఇక్కణ్ణుంచి నువర ఎలియకు వెళ్తున్నాను. అక్కడి గ్రాండ్ హోటలుకు మూలం బార్న్స్ కట్టించుకున్న కొండవిడిదే. ఆయన గురించి అక్కడ ఏం చెబుతున్నారో విని రాస్తాను.