తేదీ లేని సాక్ష్యం

దాళ్వా కోతలై చేలు ఖాళీ పడ్డాయంటే మా గోదావరి జిల్లాల్లో సువార్త సభల కాలం వచ్చినట్టే. చేలో టెంటు, వరసగా ట్యూబ్‌లైట్లు, నాలుగూళ్లకు వినబడే మైకుసెట్టు. వాక్యం కంటే ముందు సాక్ష్యాలు. సాక్ష్యానికి ఒక పద్ధతి ఉంది. మొదట్లో చీకటి ఎంత చిక్కగా ఉంటే అంత మంచిది. తాగి ఇల్లు గుల్ల చేసినవాడు, కత్తి పట్టుకు తిరిగినవాడు, పురుగుమందు డబ్బా మూత తీసినవాడు, ఫలానా రాత్రి ఫలానా గంటకి ప్రభువు తనని ఎలా పట్టుకున్నాడో చెబుతుంటే జనం కదలకుండా వింటారు. వినాలి కూడా. అలాంటి మనిషి మర్నాటి నుంచి కూలి డబ్బులు ఇంట్లో ఇస్తున్నాడంటే ఆ ఇల్లాలికి అంతకన్నా అద్భుతం ఏం కావాలి?

అదే టెంటులో వెనక వరసల్లో ఇంకో రకం వాళ్లుంటారు. వీళ్లకి కథ లేదు. "మీరెప్పుడు రక్షింపబడ్డారండీ?" అనడిగితే నీళ్లు నములుతారు. ఊహ తెలిసేసరికే ఇంట్లో రాత్రి ప్రార్థన ఉంది, ఆదివారం సండే స్కూలు ఉంది, కంఠత వాక్యం అప్పజెప్పకపోతే టీచరమ్మ చూసే చూపు ఉంది. ఎప్పుడు మొదలైందని చెబుతారు? మా బాబాయి కొడుకు ఒకడు యూత్ మీటింగులో లేచి "నేను ఘోరపాపిని" అని గంభీరంగా ఎత్తుకుని, ఆ తర్వాత ఏం చెప్పాలో తోచక పక్కింటివాళ్ల జామకాయలు కోసిన సంగతి చెప్పి కూర్చున్నాడు. నేనూ ఆ వెనక వరస మనిషినే.

ఈ తేదీ ప్రశ్న మా గడ్డ మీదికి ఓడెక్కి వచ్చింది. ఇంగ్లండులోని బార్న్‌స్టేపుల్ నుంచి రాతిపని చేసే విలియం బౌడెన్, చెప్పులు కుట్టే జార్జి బీర్ 1836లో ఆంథొనీ నారిస్ గ్రోవ్స్ వెంట బయల్దేరి వచ్చారు. చివరికి నరసాపురం, పాలకొల్లు ప్రాంతాల్లో స్థిరపడ్డారు. వాళ్లది బ్రదరెన్ పంథా. పసిపిల్లలకి బాప్తిస్మం ఉండదు. నమ్మానని సొంత నోటితో చెప్పాకే నీళ్లలోకి దిగడం. అంచేత సంఘపెద్దలు ఎదురుగా కూర్చుని అడగడం, వచ్చినవాళ్లు చెప్పడం తప్పదు. రాజమండ్రిలో 1845లో జర్మన్ మిషనరీ వాలెట్ మొదలుపెట్టి, తర్వాత అమెరికా వాళ్ల చేతికొచ్చిన లూథరన్ సంఘంలో లెక్క వేరు. అక్కడ ఒళ్లో పిల్లకే బాప్తిస్మం. ఒకే గోదావరి నీళ్లు తాగిన ఇద్దరిలో ఒకరికి ఆ రోజు గుర్తుండి తీరాలి, ఇంకొకరికి గుర్తుండే వయసే కాదు. పెళ్లి సంబంధాల దగ్గర మాత్రం ఇద్దరూ చక్కగా సర్దుకుంటారనుకోండి.

1853లో బీర్ చనిపోయాక ఆయన కొడుకులు ఆ పని అందుకున్నారు. తండ్రి సముద్రం దాటి వచ్చిన కథ లోకానికి తెలుసు. ప్రార్థన వింటూ పెరిగి, అదే దారిన నడిచిన కొడుకుల గురించి కథగా చెప్పుకోవడానికి ఏముంటుంది?

మా పేటల్లోనూ ఇంతే. మొదటి తరానికి కథ ఉండేది. బాప్తిస్మం తీసుకున్నామన్నా, ఊరి జాతరలో డప్పు కొట్టబోమన్నా ఆసాములకి కోపం. పని పోయేది, దెబ్బలు కూడా పడేవి. వాళ్లు అంత గొడవ పడ్డది మనవలూ మునిమనవలూ గొడవ లేకుండా మోకరించాలనే కదా. తీరా అలా మోకరిస్తున్న మునిమనవణ్ణి పట్టుకుని నీ సాక్ష్యంలో ఉప్పూకారం లేదంటే ఎలా? పూర్తిగా గొడవ లేకుండా పోయిందనీ కాదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడికి ఎస్సీ హోదా లేదు. మన రాష్ట్రంలో బీసీ-సీ అంటారు. బడి రిజిస్టరులో ఒక పేరు, సంఘం రిజిస్టరులో ఇంకో పేరు మోసే పిల్లలు ఏ పేటలోనైనా కనిపిస్తారు. వాళ్లెవరూ ఈ సంగతి మైకులో చెప్పరు.

మా నాయనమ్మ కూడా మైకు ముట్టుకోలేదు. కోనసీమలో ఉండేది. చదువు రాదు, ఇరవై మూడో కీర్తన మాత్రం మొత్తం నోటికొచ్చు. పూటపూటా ఎసట్లో పోసే ముందు, కొలిచిన బియ్యంలోంచి ఒక పిడికిలి తీసి డాల్డా డబ్బాలో వేసేది. ఆదివారం నాటికి పోగైనవి గుడ్డసంచిలో గుడికి వెళ్లేవి. పిడికిలి బియ్యం అంటే మా వైపు ఆడవాళ్లందరికీ తెలుసు. ఒకసారి మా అమ్మ, "అత్తయ్యగారూ, ఇవాళ మనకే చాలవేమోనండీ" అంది. "అందుకే పిడికిలి చిన్నగా పట్టానే" అంది నాయనమ్మ.

1996 నవంబరు తుపాను కోనసీమ కొబ్బరితోటల్ని పడుకోబెట్టిన రాత్రి ఆవిడ ఇంటి కప్పు ఎగిరిపోయింది. మర్నాడు దేవుణ్ణి ఇదేమిటని అడగలేదు, ప్రాణాలు మిగిల్చావని పొగుడుతూ కూర్చోనూ లేదు. తడిసిన బియ్యం చాప మీద ఆరబోసింది. మధ్యాహ్నం వాటిలోంచే పిడికిలి తీసింది. డబ్బా ఎటు కొట్టుకుపోయిందో, గ్లాసులో వేసింది.

ఇదంతా అలవాటేగా అంటారు. కొంత అలవాటే. క్రిస్మస్‌కి స్టారు కట్టి, గుడ్ ఫ్రైడేకి తెల్లచీర కట్టి, మధ్యలో దేవుడి ఊసెత్తని ఇళ్లు నాకూ తెలుసు. అంతమాత్రాన అలవాటయినదంతా ఉత్తదే అనుకుంటే ఆ గ్లాసులో బియ్యం సంగతేమిటి? పెద్ద మార్పు వచ్చిన రాత్రి చేతులెత్తడం కష్టమేమీ కాదు, ఆ వేడిలో చేతులు వాటంతటవే లేస్తాయి. ఏ వేడీ లేని మంగళవారం పొద్దున్న గుర్తుపెట్టుకుని పిడికిలి తీయాలంటే మనసు పెట్టాల్సిందే.

పౌలు గారికి దమస్కు దారిలో జరిగింది అపొస్తలుల కార్యముల్లో మూడుసార్లు వస్తుంది. తిమోతి అమ్మమ్మ లోయి పేరు బైబిలంతా వెతికినా ఒక్కచోటే దొరుకుతుంది. ఆ ఒక్కచోటా రాసింది పౌలు గారే. దమస్కు చూసొచ్చిన మనిషి, ఏ దమస్కూ లేని కుర్రాడికి ఉత్తరం రాస్తూ వాళ్ల అమ్మమ్మనీ అమ్మనీ తలుచుకున్నాడు. మా సభల్లో దమస్కు మీద విన్నన్ని ప్రసంగాలు లోయి మీద వినలేదు. తప్పిపోయిన కుమారుడి కథలో పెద్దకొడుకు సంగతీ అంతే, పాపం అతన్ని ఎప్పుడూ అసూయపరుడిగానే నిలబెడతారు. మొహం ముడుచుకున్న మాట నిజమే. కానీ తమ్ముడు ఊళ్లు తిరుగుతున్నన్నాళ్లూ ఆ కొవ్విన దూడకి ఎవరు మేత వేశారు?

వచ్చే వేసవి సభల్లో సాక్ష్యాల వేళ ఒక్కసారి వెనక వరసల వైపు కూడా మైకు పంపండి. సమయం పోతుందని బెంగ వద్దు. "చిన్నప్పట్నుంచీ ఉన్నానండీ, ఇప్పుడూ ఉన్నానండీ, ఆయ్" అని మైకు తిరిగి ఇచ్చేస్తారు.