నడుముకు బంతి సాయం

నడుంనొప్పి అంటే చాలు, సలహాలకు కొదవుండదు. ఆముదం రాయమని అత్తయ్య, బెల్టు కట్టుకోమని పక్కింటి వదిన. ఇరవై రెండేళ్లు కుట్టుమిషను మీద వంగి జాకెట్లు కుట్టిన నాకు అవన్నీ అయ్యాయి. 2022 దసరా ముందు గంటసేపు కూర్చుంటే లేవలేని పరిస్థితి. ఒప్పుకున్న బట్టల్లో సగం పక్కవీధి అమ్మాయికి ఇచ్చేశాను. పాప కాలేజీ ఫీజు నా కుట్టు డబ్బులతోనే కట్టాలి. రాత్రుళ్లు నిద్ర పట్టేది కాదు.

డాక్టరుగారు ఎక్స్‌రే చూసి, 'ఎముకలు బాగానే ఉన్నాయమ్మా, వాటిని పట్టి ఉంచే కండరాలే నీరసపడ్డాయి' అన్నారు. ఫిజియోథెరపీకి వెళ్తే పెద్ద నీలం బంతి చూపించి కూర్చోమన్నారు. నలభై ఎనిమిదేళ్లకు బంతాటా అని నవ్వొచ్చింది.

ఆ బంతికీ ఓ కథ ఉంది. 1963లో ఇటలీకి చెందిన ఆక్విలీనో కొసానీ దీన్ని తయారుచేశాడు. స్విట్జర్లాండులో ఫిజియోథెరపిస్టులు పసిపిల్లల చికిత్సకూ, తర్వాత పెద్దలకూ వాడారు. అక్కడ చూసిన అమెరికా వాళ్లు 'స్విస్ బాల్' అన్నారు. పుట్టిల్లు ఇటలీ, ఇంటిపేరు స్విస్!

కుర్చీలో అయితే వెనక్కి జారగిలబడతాం. బంతికి ఆ ఆసరా లేదు. మనం కదిలితే అదీ కదులుతుంది. పడిపోకుండా పొట్ట, వెన్ను లోపలి కండరాలు పనిచేయాల్సిందే. పొట్ట చుట్టూ అడ్డంగా ఉండే కండరమే మన అసలు బెల్టు.

మొదటివారం గోడ పక్కన ఊరికే కూర్చున్నాను. పాదాలు నేలకు ఆనాలి, మోకాళ్లు ఎల్ ఆకారంలో ఉండాలి. నా ఎత్తు అయిదడుగుల రెండంగుళాలు, అందుకే 55 సెంటీమీటర్ల బంతి ఇచ్చారు. తర్వాత ఒక్కో పాదం కాస్త పైకెత్తడం. ఆపైన వెల్లకిలా పడుకుని, పిక్కలు బంతి మీద పెట్టి నడుం ఎత్తడం. చివర్లో మోకాళ్ల మీద కూర్చుని రెండు చేతులతో బంతిని ముందుకు దొర్లిస్తే బిగుసుకున్న వీపు హాయిగా సాగుతుంది.

మిషను ముందు కూడా దీన్నే వేసుకుంటానంటే ఫిజియోథెరపిస్టు వద్దన్నారు. గంటల తరబడి కూర్చోవడానికి కాదట. కాళ్లు తిమ్మిరెక్కేవాళ్లు, ఎముకలు గుల్లబారినవాళ్లు, గర్భిణులు డాక్టరునడక్కుండా ఎక్కకూడదు. జారే నేల పనికిరాదు. నాలాంటివాళ్ల ఇంట్లో సూదులూ గుండుపిన్నులూ దాని దరిదాపుల్లో ఉండకూడదు!

రోజుకి ఇరవై నిమిషాలు, మూడునెలలు చేశాను. నొప్పి పూర్తిగా మాయమైందని చెప్పను. కానీ 2023 సంక్రాంతికి ఒప్పుకున్న జాకెట్లన్నీ నేనే కుట్టాను. అరగంటకోసారి లేచి నాలుగడుగులు వేయడం మాత్రం మానను.

ఈమధ్య సాయంత్రాలు బంతి నాకు దొరకడమే కష్టంగా ఉంది. సెల్‌ఫోను మీద మెడ వంచేసే మా పాప ముందే ఎక్కి కూర్చుంటోంది. నొప్పి రాకముందే మొదలుపెట్టింది, అదృష్టవంతురాలు.