బస్సు ఎలిపోయిందేటి?

చోడవరం బస్టాండుకి రొప్పుకుంటూ వచ్చినాయన ‘అనకాపల్లి బస్సు ఎలిపోయిందేటి?’ అని అడుగుతాడు. అది ఎన్నింటికి కదిలిందో ఆయనకు అక్కర్లేదు. ఇప్పుడు బస్సు ఉందా, లేక ఆటో చూసుకోవాలా అన్నదే కావాలి. ‘హాజ్ ద బస్ లెఫ్ట్?’ అన్న ఇంగ్లిషు ప్రశ్నలో ఉన్నదీ ఆ ఆరాటమే. పని అయిపోయింది, దాని ఫలితం మాత్రం ఇప్పుడు మన ఎదుట ఉంది. ప్రెజెంట్ పర్‌ఫెక్ట్ ప్రాణం అదే. ‘భోజనం అయిందా?’ అని రోజూ పలకరించుకునే మనకు ఆ భావం కొత్తేమీ కాదు.

బడిలో పాఠం అక్కణ్నుంచి మొదలవదు. ‘సబ్జెక్ట్ ప్లస్ హావ్ ఆర్ హాజ్ ప్లస్ వి త్రీ’ అని బోర్డు మీద రాస్తారు. గో, వెంట్, గాన్ అని వల్లె వేయిస్తారు. వల్లె వేయాల్సిందే, ఆ రూపాలు నోటికి రాకపోతే మాట ముందుకు సాగదు. కానీ అవసరం పుట్టని వాక్యం ఎన్నిసార్లు రాయించినా పిల్లల నాలుక మీద నిలవదు. చెరకు పండే ఊళ్ల పిల్లల్ని అడగాల్సిన ప్రశ్నలు వేరే ఉన్నాయి. కోత అయిందా? హావ్ దే కట్ ద కేన్? ఫ్యాక్టరీలో క్రషింగ్ మొదలైందా? హాజ్ ద క్రషింగ్ స్టార్టెడ్? నాట్ యెట్. ఆ ‘యెట్’లో ఎదురుచూపు ఎంత ఉందో చక్కెర ఫ్యాక్టరీ ఉన్న గోవాడ చుట్టుపక్కల రైతుబిడ్డకు ఎవరూ వివరించనక్కర్లేదు.

గత శతాబ్దం మొదట్లో ఈ ఉత్తరాంధ్ర జిల్లాలకు బడుల ఇన్‌స్పెక్టరుగా వచ్చిన జె.ఎ. యేట్స్ కూడా పరభాషను నోటి మాటతోనే నేర్పాలనేవారు. తెలుగు చదువు మీద ఆయన వేసిన ప్రశ్నలు గిడుగు, గురజాడల వాడుకభాషా ఉద్యమానికి ఊతమిచ్చాయి. ఆ వెలుగు ఇంగ్లిషు తరగతి మీద ఇంకా సరిగా పడలేదని నా బాధ.

ప్రెజెంట్ పర్‌ఫెక్ట్‌లో చిక్కల్లా కాలం చెప్పే మాటతోనే. ‘ఇప్పుడే వచ్చాను’, ‘నిన్న వచ్చాను’ అన్న రెండింటికీ మనకు ఒకటే క్రియ. అందుకే ‘ఐ హావ్ కమ్ ఎస్టర్డే’ అనేస్తాం. ‘నిన్న’ అన్నామంటే ఇంగ్లిషులో ఆ పని గతానికి చెందినట్టే, అక్కడ ‘కేమ్’ అనాలి. అయితే అన్నిచోట్లా తెలుగు అడ్డుపడదు. ‘అమ్మ వైజాగ్ వెళ్లింది’ అంటే ఇంకా అక్కడే ఉందని, ‘హాజ్ గాన్’. ‘వెళ్లొచ్చింది’ అంటే తిరిగి ఇల్లు చేరిందని, ‘హాజ్ బీన్’. ఈ తేడా నాలుగేళ్ల పిల్లకూ తెలుసు.

‘సిన్స్’, ‘ఫర్’ల తికమకకూ చోడవరమే మంచి పాఠం. ఈ ఊరు 2022 ఏప్రిల్ 4న విశాఖపట్నం జిల్లా నుంచి కొత్త అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది. అంతకుముందు సంగతికి ‘వజ్’ చాలు. అప్పటినుంచి ఇప్పటిదాకా చెప్పాలంటే ‘హాజ్ బీన్ ఇన్ అనకాపల్లి డిస్ట్రిక్ట్ సిన్స్ 2022’. సంవత్సరం చెబితే ‘సిన్స్’, ఇన్నేళ్లుగా అని లెక్క చెబితే ‘ఫర్’. మనం రెంటికీ ‘నుంచి’ వాడతాం కనక ‘సిన్స్ త్రీ ఇయర్స్’ దొర్లుతుంది.

పిల్లల్ని ఇద్దరిద్దరుగా ఎదురెదురు కూర్చోబెట్టి అడిగించండి. ‘హావ్ యూ ఎవర్ బీన్ టు అరకు?’ ‘యెస్, ఐ హావ్.’ ‘వెన్ డిడ్ యూ గో?’ మొదటి ప్రశ్న అనుభవం గురించి, రెండోది ఆ రోజు గురించి. ‘హావ్’ నుంచి ‘డిడ్’కి మారే ఆ మలుపు దగ్గరే పిల్లలు తడబడతారు. అందుకే ఊరి పేర్లు మారుస్తూ అక్కడే పదే పదే మాట్లాడించాలి. తరగతి ఎంత పెద్దదైనా రోజూ పావుగంట ఇందుకు దొరుకుతుంది.