నలుగురి ఆటలో లెక్క వేరు!

ఎదుటివాళ్లు ఏ కార్డు దించినా చంపెయ్యాలి. చిన్నదా పెద్దదా అని చూసేది లేదు. దించారా... పోవాల్సిందే! ఇదీ అతని పథకం. వినడానికి భలేగా ఉంది కదూ? వంద కార్డుల కట్టలో 38 కార్డులు ఆ పనికే కేటాయించాడు. ఆరు నెలలపాటు ప్రతి శుక్రవారం ఆడాడు. ఎన్నిసార్లు గెలిచాడంటే... లెక్కపెట్టడానికి ఒక చేతి వేళ్లు కూడా ఎక్కువే.

ఇంతకీ ఆ ఆట మన పేకాట కాదు. పేరు 'మ్యాజిక్: ద గ్యాదరింగ్'. అతనిది విజయవాడ. ఉద్యోగం అమెరికాలో, సియాటెల్ పక్కనున్న రెడ్మండ్‌లో. సాఫ్ట్‌వేరు అని వేరే చెప్పాలా! ఈ ఆటను అమ్మే 'విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్' కంపెనీ పెరిగి పెద్దదైంది కూడా ఆ చుట్టుపక్కలే, రెంటన్ అనే ఊళ్లో. ఆట కనిపెట్టింది రిచర్డ్ గార్‌ఫీల్డ్ అనే లెక్కల మాస్టారు. 1993 ఆగస్టులో మార్కెట్లోకి వచ్చింది.

పేకాటలో అందరికీ కలిపి ఒకటే పేక. ఇక్కడ అలా కాదు, ఎవరి కట్ట వాళ్లదే. కార్డులు ప్యాకెట్లలో కొనుక్కోవాలి, స్నేహితులతో మార్చుకోవాలి, వేలల్లోంచి ఏరి సొంతంగా ఒక కట్ట కూర్చుకోవాలి. కొన్ని కార్డులు భూములు. వాటి నుంచి 'మానా' అనే శక్తి వస్తుంది. ఆ శక్తి ఖర్చుపెట్టి జంతువుల్నీ సైనికుల్నీ మంత్రాల్నీ దించాలి. ఎదుటివాడి పాయింట్లు సున్నా చెయ్యాలి. అందుకే ఈ ఆట సగం ఇంట్లోనే అయిపోతుందంటారు ఆడేవాళ్లు. భోజనాల బల్ల మీద కార్డులు పరుచుకుని, ఇది ఉంచాలా అది తియ్యాలా అని అర్ధరాత్రి దాకా తల పట్టుకునే సగం అన్నమాట!

ఇందులో నలుగురు కూర్చుని ఆడే పద్ధతిని 'కమాండర్' అంటారు. అలాస్కాలో కొందరు స్నేహితులు సరదాగా మొదలుపెట్టారు. షెల్డన్ మెనెరీ అనే టోర్నమెంటు జడ్జి దాన్ని నలుదిక్కులకూ పాకించాడు. ఆయన 2023లో కన్నుమూశాడు. కంపెనీ 2011 నుంచి దీనికోసమే ప్రత్యేకంగా కట్టలు అమ్ముతోంది. నియమాలు సులువే. కట్టలో సరిగ్గా వంద కార్డులు. మామూలు భూములు తప్ప ఏ కార్డూ రెండోది ఉండకూడదు. ఒక్కొక్కరికి 40 పాయింట్లు. వందలో ఒకటి నాయకుడు. అతన్ని చంపినా మళ్లీ తెచ్చుకోవచ్చు, కాకపోతే తెచ్చుకున్న ప్రతిసారీ రెండు శక్తి అదనంగా కట్టాలి.

మన విజయవాడ కుర్రాడు (ముప్ఫై ఎనిమిదేళ్లు వచ్చినా ఇంటి దగ్గర ఇంకా కుర్రాడే) ఎంచుకున్న నాయకుడు టోషిరో ఉమెజావా. 2005లో వచ్చిన సమురాయ్ కార్డు. చూడ్డానికి బక్కపలచన. బలం రెండు, ప్రాణం రెండు. కానీ అతనికో గమ్మత్తయిన గుణం ఉంది. ఎదుటివాళ్ల జీవి ఒకటి చచ్చినప్పుడల్లా, ఇదివరకే వాడి పారేసిన మంత్రం ఒకదాన్ని శక్తి కట్టి మళ్లీ వాడుకోవచ్చు. అంటే ఒకటి చంపితే ఇంకొకటి చంపే అవకాశం. అదీ చస్తే మరొకటి! నల్ల రంగు కార్డుల్లో చంపే మంత్రాలకు కొదవే లేదు. డూమ్ బ్లేడ్, గో ఫర్ ద థ్రోట్, హీరోస్ డౌన్‌ఫాల్... కాగితం మీద చూస్తే ఈ కట్టకు తిరుగేలేదు.

బల్ల దగ్గర మాత్రం తిరగబడింది.

ఆ బల్లకు అతనితో కలిపి నలుగురు. ఆసుపత్రిలో పన్నెండు గంటల డ్యూటీ చేసి వచ్చే నర్సు ఒకామె. ఆమెది పచ్చరంగు కట్ట, నిండా ఎల్ఫులు. బళ్లో లెక్కలు చెప్పే మాస్టారు ఒకాయన. నీలం కట్ట, అన్నీ మెలికలే. మూడోవాడు కాలేజీ కుర్రాడు. ఎర్ర కట్ట, డ్రాగన్ల పిచ్చి. వాడి దగ్గర షివన్ డ్రాగన్ అనే పాత కార్డు ఉంది. వాళ్ల నాన్న తన కాలేజీ రోజుల్లో కొన్నదట. ఈ రోజుల్లో దానికంటే బలమైన డ్రాగన్లు బోలెడు. అయినా వాడికి అదే కావాలి. కొత్త దేశంలో ఆఫీసుకు బయట మనవాడికి దొరికిన పరిచయాలంటే ఈ ముగ్గురే.

చిక్కంతా ఎక్కడుందంటే... ఇద్దరే ఆడేటప్పుడు ముక్కకు ముక్క పోతే సమానం. నీదొకటి పోయింది, నాదొకటి పోయింది. నలుగురున్నచోట అలా కుదరదు. అతను నర్సు ఎల్ఫును చంపాడనుకోండి. అతనికో కార్డు ఖర్చు, ఆమెకో కార్డు నష్టం. మాస్టారికీ కుర్రాడికీ? పైసా ఖర్చు లేకుండా లాభం! పిల్లుల తగవులో రొట్టె కోతికి పోయినట్టే. పైగా ఒక్కో రౌండులో ఎదుటి ముగ్గురూ కలిసి మూడు కార్డులు తీస్తారు. అతను తీసేది ఒకటి. వచ్చిన ప్రతిదాన్నీ ఒక్కొక్కటిగా చంపుకుంటూ పోతే, మూడు కుళాయిలు తిప్పి ఒక్క చెంబుతో తోడుతున్నట్టే. పదో రౌండుకల్లా అతని చేతులు ఖాళీ. టోషిరోను కాపాడే దిక్కుండదు.

ఓడిపోవడం ఒక్కటే అయితే సరిపెట్టుకునేవాడేమో. ఒక శుక్రవారం ఆట మూడు గంటలు సాగింది. ఎవరు ఏది దించినా పోయింది. షివన్ డ్రాగన్ మూడుసార్లు దిగింది, మూడుసార్లూ చచ్చింది. చివరికి షాపువాళ్లు లైట్లు ఆర్పుతుంటే ఆట తేలకుండానే లేచారు. ''నేను ఆడదామని వచ్చాను, చూద్దామని కాదు'' అని ఒక్క మాట అని సంచి సర్దుకుంది నర్సు. కుర్రాడు ఆ మాటా అనలేదు.

తర్వాతి వారం అతను వెళ్లేసరికి నాలుగో కుర్చీలో ఇంకెవరో ఉన్నారు.

నియమాల ప్రకారం అతని తప్పేమీ లేదు. 2025లో కంపెనీ కట్టలను బలాన్నిబట్టి అయిదు స్థాయులుగా చూసే పద్ధతి తెచ్చింది. ఆటకు ముందు 'నీది ఏ స్థాయి?' అని మాట్లాడుకుని కూర్చోవాలని దాని ఉద్దేశం. మంచి ఆలోచనే. కానీ అతని కట్టలో ఖరీదైన కార్డులు లేవు, రెండు కార్డులతో ఆట ముగించే కిటుకులూ లేవు. ఏ కొలత పెట్టినా సాధు జంతువే! ఎదుటివాళ్లకు విసుగు పుట్టించడం అనే కొలత మాత్రం ఎవరూ పెట్టలేదు.

ఆ శని, ఆదివారాలు భోజనాల బల్ల ఖాళీ లేదు. ''ఏమండీ, ఆ కార్డులు తీస్తే అన్నాలు పెడతాను'' అని భార్య రెండుసార్లు చెప్పి, మూడోసారి పిల్లాడికీ తనకూ సోఫాలోనే పెట్టేసింది. అప్పుడే విజయవాడ నుంచి నాన్న ఫోను. రిటైరయ్యాక సాయంత్రాలు స్నేహితులతో రమ్మీ ఆడుకునే మనిషి. కొడుకు గోడంతా విని ఆయన అడిగింది ఒక్కటే.

''ఎదుటోడికి అక్కర్లేకుండా ముక్కలు బిగబట్టుకు కూర్చోవడం మాకూ తెలుసురా. అంతా బానే ఉంది, మరి నువ్వు షో ఎప్పుడు చేస్తావ్?''

''అదీ... చివర్లో నాన్నా.''

''చివర్లో ఏంట్రా? చేతిలో ఒరిజినల్ సీక్వెన్సు లేకుండా అవతలోడు షో కొడితే నీకు ఫుల్ కౌంటే కదా!''

ఫోను పెట్టేసి కట్టలో గెలిపించే కార్డులు లెక్కపెట్టాడు. రెండు! ఎదుటి ముగ్గురి పాయింట్లు కలిపితే 120. వాటిని తగ్గించడానికి వందలో రెండంటే రెండు.

కత్తిరింపు అక్కడ మొదలైంది. 38 చంపుడు కార్డుల్లో 22 మిగిలాయి. ఏవి తియ్యాలన్నదే అసలు తలనొప్పి. డూమ్ బ్లేడ్ నల్ల జీవుల్ని ముట్టుకోలేదు. గో ఫర్ ద థ్రోట్ యంత్రపు జీవుల్ని ఏమీ చెయ్యలేదు. కొన్ని జీవులకు నాశనమే ఉండదు. వాటి ప్రాణాన్నే తగ్గించేసే ట్రాజిక్ స్లిప్ లాంటిది కావాలి. ఇంకొన్నిటిని గురిపెట్టడమే కుదరదు. అలాంటప్పుడు 'తలా ఒక జీవిని బలి ఇవ్వండి' అనే ఫ్లెష్‌బ్యాగ్ మరాడర్ పనికొస్తుంది. అంటే ఒకే పని చేసే పది కార్డులకంటే వేర్వేరు తాళాలు తీసే అయిదు చెవులు నయం. పోయినవాటి స్థానంలో బల్ల మీది జీవులన్నిటినీ ఒకేసారి ఊడ్చేసే డామ్నేషన్, టాక్సిక్ డెల్యూజ్‌లకు తోడు మరికొన్ని చేరాయి. ఒక్క కార్డుతో ముగ్గురి సరంజామా పోతే కుళాయిల లెక్క కాస్త సరిపోతుంది.

కార్డులు తెచ్చిపెట్టేవి అయిదు నుంచి పన్నెండయ్యాయి. అందులో సైఫన్ మైండ్ అంటే అతనికి మహా ముచ్చట. మిగతావాళ్లంతా తలో కార్డు పారెయ్యాలి, పడిన ప్రతి కార్డుకూ ఇతను ఒకటి తీసుకోవచ్చు. ఇద్దరి ఆటలో అది సాదా కార్డు. నలుగురిలో అయితే ఒకటి పెట్టి మూడు తెచ్చుకోవడమే! ఎదురుగా ముగ్గురుండటం లాభించే కార్డు కూడా ఒకటుందని ఆరు నెలల తర్వాత గానీ అతనికి తట్టలేదు.

ఇక గెలిచే సంగతి. ఎక్స్‌సాంగ్వినేట్ అనే మంత్రంలో ఎంత శక్తి పోస్తే ముగ్గురికీ అన్నన్ని పాయింట్లు తగ్గుతాయి. ఆ తగ్గినవన్నీ ఇతనికి చేరతాయి. బురద నేలలు ఎన్నుంటే అంత శక్తినిచ్చే కబాల్ కాఫర్స్ దానికి తోడు. ఆటగాళ్లు ముద్దుగా 'గ్యారీ' అని పిలుచుకునే గ్రే మర్చంట్ ఆఫ్ ఆస్ఫోడెల్ కూడా చేరాడు.

కార్డులు మార్చడం తేలిక. వాటిని ఎప్పుడు వాడకూడదో తెలియడం కష్టం. ఇదివరకు మొదటి రౌండులోనే నర్సు లానోవార్ ఎల్వ్స్ దించితే చంపేసేవాడు. అది ఒక్క శక్తినిచ్చే పిల్ల ఎల్ఫు. దానికో కార్డా? అలాగని ఎల్ఫుల్ని గుంపు కట్టనిస్తే ఇంకో ప్రమాదం. ఆమె కట్టలో క్రేటర్‌హూఫ్ బెహెమత్ అనే మహా జంతువుంది. అది దిగగానే ఆమె జీవులెన్నుంటే ఒక్కోదానికి అంత బలం పెరుగుతుంది. అది దిగి, బలమంతా పంచేశాక దాన్నొక్కదాన్నే చంపినా ఒరిగేది తక్కువ. ఊడ్చాల్సింది అంతకు ముందు రౌండులో. ఎటొచ్చీ ఆ ముందు రౌండు ఏదో ఎవరు చెబుతారు?

ఇంకో సంగతి. నల్ల రంగు జీవుల్ని చంపినంత సులువుగా బల్ల మీద తిష్ఠ వేసుక్కూర్చునే మంత్రాలను తియ్యలేదు. మొదట్నుంచీ ఆ రంగుకున్న లోపం. 2020లో వచ్చిన ఫీడ్ ద స్వార్మ్ కొంత ఆదుకుంటుంది గానీ వందలో అది ఒక్కటి. మాస్టారు రిస్టిక్ స్టడీ అనే నీలం మంత్రం దించితే ఇక చూస్కోండి. ఎవరేం ఆడబోయినా 'ఒక శక్తి ఎక్కువ కడతావా, నన్ను కార్డు తీసుకోమంటావా' అని సుంకం అడుగుతూనే ఉంటాడు. దాన్ని పీకెయ్యగల కార్డులు దండిగా ఉండేది పచ్చరంగులో. అంటే నర్సు దగ్గర! ఇన్నాళ్లూ అతను అందరికంటే ముందు చితక్కొట్టింది ఆమెనే.

మూడు వారాల తర్వాత కాలేజీ కుర్రాడి నుంచి మెసేజీ. ''ఈ శుక్రవారం ఒకరు తక్కువయ్యారు. అదే కట్టా, మార్చావా?''

మార్చానన్నాడు.

ఆ రాత్రి నాలుగో రౌండులో అతని చేతికి డూమ్ బ్లేడ్ వచ్చింది. ఆరో రౌండులో షివన్ డ్రాగన్ దిగింది. దించి, కుర్రాడు కార్డు మీంచి వేలు తియ్యకుండా ఇతనికేసి చూశాడు. ''ఎటు వెళ్తుందది?'' అనడిగాడు ఇతను. ''మాస్టారి మీదికి.'' ''వెళ్లనీ.'' డ్రాగన్ వరసగా మూడు రౌండ్లు మాస్టారిని కాల్చుకు తింది. ఆయన రిస్టిక్ స్టడీని నర్సు పీకేసింది. అడక్కుండానే! తర్వాత ఎల్ఫుల మంద మరీ పెరిగిపోతే ఇతను డామ్నేషన్‌తో అంతా ఊడ్చాడు. డ్రాగన్ కూడా పోయింది. ''పోన్లే, ఇవాళ తిరిగింది కదా'' అన్నాడు కుర్రాడు.

చివర్లో ఎక్స్‌సాంగ్వినేట్‌కు శక్తి సరిపోలేదు. మాస్టారూ కుర్రాడూ పడిపోయారు గానీ నర్సు దగ్గర మూడు పాయింట్లు మిగిలాయి. మళ్లీ కూడగట్టుకున్న మందతో రెండు రౌండ్లలో ఆమె గెలిచింది. అతను చేతిలో మిగిలిన కార్డు తిరగేసి బల్ల మీద పెట్టాడు. డూమ్ బ్లేడ్.

''ఇదెప్పట్నుంచి ఉంది నీ దగ్గర?''

''నాలుగో రౌండు నుంచి.''

కుర్రాడు ఆ కార్డును ఒకసారి చేతిలోకి తీసుకుని చూసి ఇచ్చేశాడు. షాపు మూయడానికి ఇంకా గంట టైముంది. అందరికంటే ముందు కార్డులు కలపడం మొదలుపెట్టింది నర్సు.